పేరు ఒక్కటే

పెద్ద ఉపవాసం నలభయ్యో రాత్రి
తానా సరస్సు ఒడ్డున, తుంగకట్టల మధ్య పడుకున్నప్పుడు
నాకొక మాట వినిపించింది.
మాట కూడా కాదు, పేరు.
ఫెంతహున్.

ఉరుము లేదు, వెలుగు లేదు.
నీటిగుర్రం ఒకసారి బుసకొట్టి మునిగింది, అంతే.
ఆ గొంతు మా అమ్మది కాదు,
పోయిన అన్న మెలకుది కాదు.
నా లోపలినుంచే వచ్చిందా అంటే
నా లోపల ఆ పేరు ఎప్పుడూ
అంత మెత్తగా పలకలేదు.

పదకొండేళ్లు దాన్ని పంటికింద రాయిలా నమిలాను.
గట్టు తగాదాలో మా అన్నని పొడిచింది వాడి తండ్రి.
తండ్రి చెరసాలలో పోయాడు,
బాకీ కొడుకు మీదికొచ్చింది. మా వైపు లెక్క అది.
మా వదిన ఆ లెక్కని పండగ పండగకీ
ఇంజెరాతోపాటు నాకు వడ్డించేది.

రెండో రాత్రి మళ్లీ. మూడో రాత్రి మళ్లీ.
ఏం చెయ్యమంటావు ప్రభూ అన్నాను.
జవాబు లేదు. పేరు ఒక్కటే,
తలుపు తట్టి వాకిట్లోనే నిలబడ్డ చుట్టంలా.

నిజం చెబుతాను, మొదట కత్తే తీశాను.
దేవుడే గుర్తుచేస్తుంటే ఇంకా ఆలస్యమెందుకని.
నూరుతుంటే గోడమీద నా నీడ ఊగింది.
వంగిన ఆ వీపు నాది కాదు,
వాడి తండ్రిది.

ద్వీపం మీది గుడికి పోయి అబ్బా తెక్లెని అడిగాను.
ఆయన గీజ్ భాషలో చదివేది నాకు సగం అందదు.
ఆ రోజు మాత్రం మామూలు మాటల్లోనే,
చెవి గోక్కుంటూ అన్నాడు:
పేరు ఆయన పలికాడు, అస్రెస్.
మిగిలిన వాక్యం నీ కాళ్లు పలకాలి.
తప్పు పలికితేనో అన్నాను.
తప్పు పలికేవాళ్లతోనే కదా ఆయనకి పని, అని
దీపంలో నూనె పోసుకోవడానికి లేచాడు.

నూరిన కత్తితో తుంగ కోశాను.
కొత్త తంక్వా కట్టాను.
తెఫ్ పిండి ఒక సంచి వేసుకున్నాను,
ఎందుకో నాకే తెలియదు.
వదినకి చెప్పలేదు. ఇప్పటికీ ఎలా చెప్పాలో తెలియదు.

తెల్లవారుజామున ఆవలి ఒడ్డు కనబడదు.
తెడ్డు కనబడుతుంది, తెడ్డు తాకిన నీళ్లు కనబడతాయి.
అంతమేరకే వేశాను. మళ్లీ అంతమేరకే.

తుంగపడవ వెళ్లేకొద్దీ నీళ్లు తాగుతుంది.
సగం దూరానికి మోకాళ్లు తడిశాయి.
వెనక్కి తిరిగినా అంతే దూరం.

వాడు ఒడ్డునే ఉన్నాడు, కట్టెలు కొడుతూ.
నేననుకున్నంత పొడుగు కాడు.
నన్ను గుర్తుపట్టి గొడ్డలి పైకెత్తాడు.
దారంతా కూర్చుకున్న మాటలన్నీ
నీళ్లలో జారిపోయాయి.
నోట్లో మిగిలింది ఒక్కటే.
ఫెంతహున్, అన్నాను,
నాకు వినిపించినట్టే, అంతే మెత్తగా.

వాడు నవ్వలేదు. పిండి సంచి వైపు చూడనైనా లేదు.
చాలాసేపటికి పడవని చూసి
బాగా తడిసింది, అన్నాడు.
తడిసిన తంక్వాని ఒక్కడు లేపలేడు.
గొడ్డలి కింద పెడితేగాని
రెండు చేతులూ ఖాళీ కావు.

ఇద్దరం మోసుకెళ్లి
వాళ్ల గోడకి నిలువుగా ఆనించాం, ఎండ తగిలేటట్టు.

అది ఆరడానికి రెండు రోజులు పడుతుంది.
నాకు ఇంటికి వేరే దారి లేదు.
ఉపవాసం కాబట్టి మూడింటిదాకా
ఎవరూ తిండి మాట ఎత్తలేదు.
పడవ నీడలో కూచున్నాం,
మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.